శెట్టిగారింట్లో నీళ్లు పడ్డాయి

ఆ పొద్దున కొళాయి వచ్చింది. ఎండాకాలంలో కోయిలకుంట్లకు అంతకన్నా పెద్ద పండుగ లేదు. మిద్దె మీది ట్యాంకు నిండగానే కొత్త వాషింగ్ మిషన్‌లో తొలి బట్టలు వేయాలని రామకోటయ్య శెట్టి నిర్ణయించాడు. బిగించే మనిషి నంద్యాల నుంచి రేపు వస్తానన్నాడు గానీ, రేపటికి నీళ్లుంటాయని ఎవరు చెప్పగలరు?

అందరికన్నా ఆత్రం మనవరాలు అమూల్యకు. పదో తరగతి చదివే ఆ పిల్ల నోరు తెరవడమే అరుదు. అలాంటిది, బండ మీద బట్టలు బాది బాది అవ్వ రాజ్యలక్ష్మమ్మ మణికట్లు వాచిపోతున్నాయని తాత వెంటపడి మరీ కొనిపించింది. సరిగ్గా ఉతక్కపోతే సాయంత్రానికే వాపసు అని తాత ముందే తేల్చేశాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అంగడి నుంచి ఏ వస్తువు ఎలా వస్తే అలాగే ఉండాలి. కుర్చీల ప్లాస్టిక్ కవర్లు, ఫ్రిజ్ మీది స్టిక్కర్లు, చివరికి ఫ్యాను రెక్కల కాగితాలు కూడా తీయరు. మిషన్ వెనక నాలుగు పొడుగాటి బోల్టులున్నాయి. అంగట్లో తిప్పి చూపించిన మిషన్‌కు ఆ చోట్ల ఉత్త రంధ్రాలే ఉండటం అమూల్య చూసింది. ఆ మాటే మెల్లగా అంది.

"కంపెనీవాళ్లు ఊరికే బిగిస్తారా అమ్మీ? పీకితే గ్యారంటీ పోతాది," అని తాత స్నానానికి వెళ్లాడు.

స్నానాలగది ముందు వసారాలోనే మిషన్. బొట్టు పెట్టి, అవ్వ చేత మీట నొక్కించింది అమూల్య. కాసేపు మిషన్ బుద్ధిగానే తిరిగింది. బట్టలు పిండే వేళకు దడదడమని ఎగిరింది. వసారాలో పరిచిన నున్నటి బేతంచెర్ల బండల మీద నడక మొదలుపెట్టింది. అవ్వ కౌగిలించుకుని ఆపబోతే అవ్వతో సహా నడిచింది. కొళాయి విరిచి, ప్లగ్గు ఊడబెరికి, స్నానాలగది తలుపుకూ ఎదుటి గోడకూ మధ్య ఇరుక్కుని ఆగింది. ట్యాంకులోని నీళ్లన్నీ ధారకట్టి వీధిలోకి పారాయి.

ముందు నేల అదిరింది, తర్వాత నీళ్లు వచ్చాయి. ఎదురింటి ఓబులేసుకు ఇంకేం కావాలి? ఆయన చేలో వేసిన బోర్లన్నీ ఎండినవే. శెట్టి గుట్టుగా ఇంట్లోనే బోరు వేయించాడని, గంగ పడిందని వీధంతా చాటాడు. జనం బిందెలతో వసారాలోకే వచ్చి ధార కింద పట్టుకున్నారు. తెల్లటి ఆ పెట్టెను కొత్త రకం మోటారనుకున్నారు.

"ఎన్ని అడుగులకు పడింది శెట్టిగారూ?" అని ఓబులేసు కేకేశాడు.

మోటారు వెనక నుంచి గొంతు వచ్చింది. "నేను ఈడ లోపల ఉండా. బయటికి తియ్యండప్పా."

ఓబులేసు చేతిలో బిందె జారింది. "శెట్టి బోరులో పడినాడు. మోకు తెండి."

అంత సన్న బోరులో మనిషెలా పట్టాడని ఒకరంటే, శెట్టి ఈ మధ్య శానా చిక్కాడని మరొకరన్నారు. తలుపు పైనున్న వెంటిలేటరు గుండా మోకు వదిలి, నడుముకు కట్టుకొమ్మన్నారు.

"మోకు నాకెందుకు, పంచె ఇయ్యండి," అన్నాడు తాత. పంచె మిషన్‌లో ఉంది.

అమూల్య మాట ఎవరికీ వినపడటం లేదు. చివరికి ఒక బిందెను బోర్లించి గరిటెతో మోగించింది. వీధి మొత్తం తనవైపు తిరిగింది. అయినా చెప్పింది.

"తాత బోరులో లేడు, స్నానం చేస్తాండాడు. అది బట్టలుతికే మిషను. ముందు దాన్ని జరపండి."

జరిపారు. తువ్వాలు చుట్టుకుని, చేతిలో మోకుతో తాత బయటికి వచ్చి, మిషన్‌ను ఇప్పుడే బండి ఎక్కించమన్నాడు.

"నాలుగు బోల్టులు పీకుతా తాతా. అప్పుడు గూడా ఎగిరితే నేనే బండి పిలుస్తా," అంది అమూల్య. ఆ పిల్లకు గొంతుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

దారిలో లోపలి డ్రమ్ము కదలకుండా బిగించిన ఆ బోల్టులు సైకిల్ స్పానరుతో ఊడాయి. కానీ ట్యాంకులో చుక్క లేదు. అవ్వ జనం చేతుల్లోని బిందెల వైపు చూసింది. ఒక్కొక్కరే వచ్చి, సబ్బుపొడి వేసే అర గుండా నీళ్లు తిరిగి పోసేశారు.

పిండే వేళకు అందరూ గోడకు అంటుకుపోయారు. ఓబులేసు మోకు సిద్ధంగా పట్టుకున్నాడు. మిషన్ సన్నగా మూలిగింది, అంగుళం కూడా కదల్లేదు. గుండ్రటి అద్దంలో తాత గళ్ల డ్రాయరు వీధంతా చూస్తుండగా గిరగిరా తిరిగింది. అడ్డం వేద్దామంటే ఆయన దగ్గరున్నది ఒక్క తువ్వాలే.

తర్వాత వాపసు మాట ఎవరూ ఎత్తలేదు. బట్టలు బాదిన బండ మీద అవ్వ ఇప్పుడు వడియాలు పెడుతోంది. నాలుగు బోల్టులూ బీరువాలో, వెండి గ్లాసుల పక్కన, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి.