పోయినవారి హాలు

భార్యను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు మెడలో తాళి తీయిస్తారు కాబట్టి, దాన్ని తిరిగి కట్టేదాకా ఆ భర్త చనిపోయినవాడి కిందే లెక్క అన్న పెద్దాసుపత్రి నిబంధన మీద బెవర తవిటినాయుడికి ఏ కోపమూ లేదు. అతని కోపమంతా సొంత తమ్ముడు లక్కునాయుడి మీదే. నిబంధన ఊరందరికీ ఒకటే. కలెక్టరు భార్యకు కోత పడినా కలెక్టరు చావాల్సిందే. కానీ లక్కునాయుడు ఆ ఒక్క మాట అనకుండా నోరు మూసుకుని ఉంటే, ఆ మంగళవారం పొద్దున్న తవిటినాయుడు చావాల్సిన పనే ఉండేది కాదు.

నిబంధన ఊరికే పుట్టలేదు. బల్ల మీద పడుకోబెట్టే మనిషి ఒంటి మీద గుండుసూదంత లోహం కూడా ఉండకూడదని డాక్టర్లు పట్టుబట్టేవారు. తాళి తీస్తే మొగుడు పోయినట్టేనని ఆడవాళ్ళు మొత్తుకునేవారు. ఈ రగడలో ఎన్నో ఆపరేషన్లు ఆగిపోయాయి. చివరికి ఆసుపత్రి కమిటీ కూర్చుని రెండు పక్షాల వాదనా న్యాయమేనని తేల్చింది: తాళి తీయాలి, మొగుడు పోవాలి. దానికో గులాబీరంగు చీటీ అచ్చువేశారు. పాత మందుల గోడౌను ఖాళీ చేయించి, మూడు ఫ్యాన్లు బిగించి, ‘పోయినవారి హాలు’ అని బోర్డు పెట్టారు. ఆనాటి నుంచి గొడవన్నది లేదు.

చావు ఇష్టంలేని వాళ్ళకు కమిటీ వారు ఒక దారి కూడా ఉంచారు. ఆపరేషన్‌కు తెచ్చుకోవలసిన వస్తువుల జాబితాలో అది పదకొండోది. ముందు గుండీలున్న నైటీలు రెండు, ఉతికిన పాత దుప్పటి, ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, మగ్గు, సబ్బు, తువాలు, ఆధార్ జిరాక్సులు నాలుగు, గోళ్ళరంగు తుడిచిన చేతులు, పిన్నులు లేని జడలు, ఇలా పదీ అయ్యాక, పదకొండు: పసుపుకొమ్ము కట్టిన తాడు ఒకటి. తాళి తీసేముందు ఆ తాడు మణికట్టుకు కడితే మొగుడు బతికే ఉంటాడు, క్యాంటీన్‌లో టీ తాగొచ్చు. తాడు తేనివారు మాత్రం తెల్లపంచె, గుప్పెడు బియ్యం, దూది తెచ్చుకోవాలని జాబితా అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది.

పారమ్మకు గర్భసంచిలో గడ్డ. ఆరు నెలలుగా రక్తం పోయి పోయి మనిషి తెల్లగా పాలిపోయింది. ఇంకో నెల ఆగితే తన చేతిలో లేదని డాక్టరమ్మ చెప్పింది. పిల్లలు లేని ఇల్లు కాబట్టి సంచీ కూడా ఆవిడే సర్దుకుంది. ఆదివారం మధ్యాహ్నం పదకొండో వస్తువు పెడుతుండగా లక్కునాయుడు అరుగు మీద కూర్చుని అన్నాడు.

“ఓలమ్మ, ఏటొదినా అది? మెళ్ళో ఒక తాడుండగా సంచిలో ఇంకోటా? మా అన్న బతికుండగానే మారుతాడు సూసుకుంతున్నావేటి?”

“జాబితాలో రాసినారయ్యా.”

“రాసినోడికేటి పోయింది? పోతే నీ మొగుడు పోతాడు.”

పారమ్మ ఆ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తాడు తీసి పసుపు డబ్బాలో వేసేసింది. తవిటినాయుడు పక్కనే ఉన్నాడు, పెట్టమని ఒక్క మాట అనలేదు. మొగుడు బతకాలని ఆడది తీసేసిన దాన్ని మొగుడే మళ్ళీ పెట్టించడం ఏం మర్యాదని ఊరుకున్నాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. జాబితా అడుగున ఉన్న సన్నక్షరాల దాకా అతని చదువు పోలేదు.

మంగళవారం తొమ్మిదింటికి సిస్టరు వచ్చి పారమ్మ జుట్టు రెండు జడలు వేసి గాజుగుడ్డతో కట్టింది. ఆకుపచ్చ గౌను వెనకనుంచి ముడివేసింది. మణికట్టు చూసింది.

“తాడేదమ్మా?”

“తేనేదండి.”

“అయితే ఈయన పోవాలి. ఏమయ్యా, బియ్యం తెచ్చుకున్నావా?”

“నేదండి.”

“ప్రతివాడూ ఇంతే. బతుకుతామనే వస్తారు.” సిస్టరు బీరువాలోంచి ఆసుపత్రి బియ్యం తీసి అతని చొక్కా జేబులో పోసింది. “తాళి నువ్వే విప్పాలి. మేం విప్పకూడదు.”

తవిటినాయుడి వేళ్ళు ముడి మీద చాలాసేపు తడబడ్డాయి. ఇరవై ఆరేళ్ళ చెమటకు ముడి గట్టిపడిపోయింది. పారమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, “నువ్వెక్కడికీ ఎల్లకయ్యా,” అంది. తాళి అతని గుప్పిట్లోకి వచ్చేసరికి గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై. సిస్టరు ఆ టైమే చీటీలో వేసి, సంతకానికి బదులు అడ్డంగా ఒక గీత గీసింది. పోయినవాళ్ళు సంతకం పెట్టరు.

హాల్లో అప్పటికే ఏడుగురున్నారు. ఆయా సన్యాసమ్మ అతని కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి గుడ్డతో కట్టి, ముక్కులో దూది పెట్టి, దక్షిణం గోడకు తల ఆనించి కూర్చోబెట్టింది. పారమ్మ సంచి ఒళ్ళో పెట్టింది. ఎదురుగా పారమ్మను తీసుకెళ్ళిన ఆపరేషన్ గది తలుపు, తలుపు పైన ఎర్రబల్బు. గంటన్నరలో బల్బు ఆరిపోతుందని చెప్పారు.

పక్కన కూర్చున్న ముసలాయన రిటైరైన బస్సు కండక్టరు, పేరు సూరపునాయుడు. ముక్కులో దూదితోనే పలకరించాడు.

“మొదటిసారా బాబూ?”

“అవునండి.”

“నాకిది మూడోది. మొదటిసారి పోయినప్పుడు బయ్యమేసింది. రెండోసారి ఇంటి స్థలం పోయింది. ఇప్పుడింక పోడానికేటీ నేదు, హాయిగున్నాది.”

“స్థలమెలా పోయిందండి?”

“మరేటి, ఇక్కడ సీటీ రాసిన ఎంటనే మీ ఊరి సచివాలయం కంప్యూటర్లో నువ్వు పోయినట్టు పడిపోద్ది. ఆల్లు ఊరుకోరు గదా. ఆస్తుంటే వారసులికి ఫోన్ సేస్తారు. ముందు పెళ్ళానికి. ఇరవై నిమిషాలకోసారి మూడుసార్లు. మూడుసార్లకీ పలక్కపోతే వారసురాలు నేదని కొట్టేసి, తరవాతోల్లకి రాసెస్తారు.”

“పెళ్ళాం బల్ల మీద మత్తులో ఉంటాది గదండి?”

“అందుకే పలకదు,” అన్నాడు సూరపునాయుడు, అందులో వింతేముందన్నట్టు.

తవిటినాయుడు లేచి నిలబడబోయాడు. కట్టిన బొటనవేళ్ళు కుదరనివ్వలేదు. లక్కునాయుడు పొద్దున్నే ఆసుపత్రికి వస్తానన్నాడు. పదిన్నరైనా రాలేదు. ఊళ్ళో సచివాలయం తెరిచేది పదిన్నరకే.

పదీ యాభైకి బల్బు ఆరలేదు. లోపలినుంచి ఒక కుర్ర డాక్టరు పరుగెత్తుకెళ్ళి రెండు రక్తం సంచులతో తిరిగివచ్చాడు. తవిటినాయుడు నోరు తెరిచాడు గానీ, పోయినవాళ్ళతో మాట్లాడే అధికారం ఆయాకు తప్ప ఎవరికీ లేదు.

పదకొండూ ఐదుకి ఒళ్ళో సంచిలోంచి పారమ్మ ఫోను మోగింది. తెర మీద పేరు కూడబలుక్కుని చదివాడు: సచివాలయం. మోగినంతసేపూ చూసి ఊరుకున్నాడు. ఇంకా రెండుసార్లుంది, ఆలోగా బల్బు ఆరిపోతుందిలే అనుకున్నాడు. పదకొండూ ఇరవై ఐదుకి మళ్ళీ మోగింది. ఈసారి సంచిలో చేయి పెట్టాడు.

సన్యాసమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. గద్దించలేదు, బతిమాలలేదు.

“ఎత్తితే ఎత్తు బాబూ. నీ ఇష్టం. ఫోన్ ఎత్తినోడు బతికున్నోడే. నానెల్లి లోపల సెప్పెస్తాను.”

“సెపితే ఏటవుద్ది?”

“బతికున్నోడి పెళ్ళాం మెడ బోసిగా ఉండకూడదు గదా. ఆపెస్తారు. కోసిన కాడికి కుట్టీసి బయటికి తోసెస్తారు. మొన్న శుక్రారం ఒకడు ఎత్తీసినాడు. ఎవడో లోను కావాలా అని సేసినాడంట.”

“ఆ ఆడమనిషి…?”

“ఆయన ఇంకీ హాల్లోకి రావక్కర్నేదు,” అంది సన్యాసమ్మ. ఫోను ఆగిపోయింది.

మూడో ఫోనుకి ఇరవై నిమిషాలు. తవిటినాయుడు ఆ ఇరవై నిమిషాలూ బల్బు వంకే చూశాడు. ఆరిపోతే చాలు. ఒక్క నిమిషం ముందు ఆరినా పరుగెత్తుకెళ్ళి ముడివేస్తాడు, ఫోను ఎత్తుతాడు, బతికే ఉన్నానురా అని అరుస్తాడు. పోయినవాడికి ఉండకూడనంత గట్టిగా ఊపిరి పీల్చాడు. సూరపునాయుడు మెల్లగా అతని మోకాలి మీద చేయి వేశాడు.

“భూమా?”

“అవునండి.”

“మెట్టా, పల్లమా?”

“మెట్ట. రోడ్డు పక్కది.”

“రోడ్డు పక్కదైతే మూడోసారి తప్పకుండా సేస్తారు,” అన్నాడు ముసలాయన.

పదకొండూ నలభై ఐదుకి మోగింది. బల్బు ఎర్రగానే ఉంది. తవిటినాయుడి చేయి తనంతట తానే సంచిలోకి పోయింది, ఫోను మీద బొటనవేలు ఆనింది. హాల్లో ఉన్న పోయినవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. సన్యాసమ్మ తలుపు గొళ్ళెం మీద చేయి వేసి నిలబడింది. ఏడో రింగు మోగింది, ఎనిమిదో రింగు మోగింది. తవిటినాయుడు చేయి వెనక్కి తీసుకున్నాడు. మడతపెట్టిన నైటీ ఒకటి లాగి ఫోను మీద కప్పాడు, దాని మీద రెండోది కప్పాడు, పైన దుప్పటి వేసి రెండు మోచేతులతో అదిమి పట్టాడు. లోపల అది ఇంకా కాసేపు కొట్టుకుని ఊరుకుంది.

“పోయినోడంటే ఇలగుండాల,” అంది సన్యాసమ్మ, మెచ్చుకోలుగా.

పన్నెండూ పదికి బల్బు ఆరింది. పారమ్మను స్ట్రెచరు మీద తెచ్చారు. బతికే ఉంది. వేళ్ళ కట్టు విప్పే మనిషి భోజనానికి వెళ్ళడంతో తవిటినాయుడు గెంతుకుంటూ వెళ్ళి, స్పృహలేని మెడ కింద చేయి పెట్టి తాళి కట్టాడు. మూడు ముళ్ళూ లెక్కబెట్టి సిస్టరు చీటీలో టైము వేసింది. అక్షింతలకు ఆసుపత్రి బియ్యమే వాడారు. రెండు గంటల యాభై నిమిషాలు పోయి ఉన్నాడు.

ఒంటిగంటకు లక్కునాయుడు కొబ్బరిబొండాలతో వచ్చాడు. కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

“అన్నా, నువ్వు పోయినావని పొద్దున్న మెసేజొచ్చింది. సానా ఏడిసినాన్రా బాబూ.”

“ఏడుస్తా ఏడుస్తా సచివాలయానికెల్లినావా?”

“మరి పిలిసినారు. ఎల్లకపోతే అన్న పోతే తమ్ముడు రానేదని నలుగురూ అనరా?”

“నాను బతికే ఉన్నాన్రా. సూడు!”

“ఇప్పుడు బతికున్నావు. ఎవరు కాదన్నారు? అప్పుడు పోయినావు. నాను సంతకం పెట్టింది అప్పుడు.” లక్కునాయుడు బొండం మూత చెక్కి అన్న చేతికిచ్చాడు. “అయినా ఎవరికో పోయిందేటి? ఈ ఏడు ఉలవలు నువ్వే ఏసుకో. కౌలుకి బయటోల్లని పిలుస్తానేటి, తాగు.”

తవిటినాయుడు బొండాన్ని గోడకేసి కొట్టాలనుకున్నాడు. కానీ పొద్దుటినుంచి పోయినవాడికి ఎవరూ నీళ్ళివ్వలేదు. తాగాడు.

సాయంత్రానికి పారమ్మకు మెలకువొచ్చింది. ముందు మెడ తడుముకుంది, తరవాత పక్కకు చేయి చాచింది.

“ఎక్కడికీ ఎల్లనేదు గదా?”

“నేదే. ఇక్కడే ఉన్నాను.”

“నీకేటీ అవనేదు గదా?”

“నాకేటవుద్ది?”

ఎనిమిదో నాడు డిశ్చార్జి. కిటికీ దగ్గర గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి గులాబీ చీటీ చూసి, తవిటినాయుడి పేరు రాసి, పోయిన వేళ, వచ్చిన వేళ రాసి, ఆఖరి గడి దగ్గర ఆగాడు. ఆ గడి పైన ‘పోయిన కాలంలో పోయినవి’ అని అచ్చువేసి ఉంది. పై వరసల్లో రకరకాల చేతిరాతల్లో రేషన్ కార్డు, పింఛను, కుళాయి కనెక్షను, ఎనభై గజాల ఇంటి స్థలం అని ఉన్నాయి. ఖాళీగా ఉన్న గడి ఒక్కటీ కనపడలేదు. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు, లైనులో వెనకున్నవాళ్ళు తొందరపెడుతున్నారు. తవిటినాయుడు ఏడవలేదు, అరవలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. గడి చిన్నదని, అందులో పట్టేంతే చెప్పాడు.

“ఎకరా పద్దెనిమిది సెంట్లు.”