చిన్నయ్య కంటే చిన్నయ్య క్యాసెట్టే మేలు!

క్యాసెట్ ఉండగా కళాకారుడెందుకండీ? మీరు చెప్పు విసిరినా సరే, నా మాట మార్చుకోను! రెంజల్ దగ్గరి మా ఊరి బడిపంతులుగా, పోచమ్మ పండుగ కమిటీ కార్యదర్శిగా, రెండు హోదాల్లోనూ ఆలోచించి చెబుతున్నాను.

మా చిన్నయ్య జమిడిక వాయిస్తాడు. అది చంకలో ఇరికించుకునే చిన్న తోలు వాయిద్యం. దాని లోపలి నరాన్ని ఒక చేత్తో బిగించి, ఇంకో చేత్తో మీటాలి. లాగితే కీచుమంటుంది, వదిలితే బొంగురుపోతుంది. తాతల నాటి నుంచి పోచమ్మ ముందు దాన్ని మోగించేది ఆ ఇంటివాళ్లే.

మూడేళ్ల కిందట బోధన్‌లో ఒకాయన చిన్నయ్యను గదిలో కూర్చోబెట్టి ఆరు పాటలు రికార్డు చేశాడు. నాలుగో పాట మధ్యలో షుగర్ ఫ్యాక్టరీ సైరన్ మోగింది. "మంచిగనే ఉన్నది, ఉండనీ" అన్నాడాయన. ఇప్పుడు మా ఊళ్లో ఆ సైరన్ వినబడితేనే ఆడవాళ్లు బోనాలెత్తుతారు! పోయినేడు జక్రాన్‌పల్లిలో చిన్నయ్య స్వయంగా వాయిస్తే, "కూత ఏదిరా? సగం పాటే పాడినవ్" అని గొడవ పెట్టుకున్నారట. చూశారా, అసలు మనిషిలో ఎన్ని లోపాలో!

క్యాసెట్‌కు దగ్గు రాదు. కల్లు అడగదు. కూతురి కాన్పని సెలవు పెట్టదు. చిన్నయ్యకు నలభై పాటలొచ్చట. నలభై ఎవరిక్కావాలండీ? ఆరు పాటలకే మా కమిటీ అధ్యక్షుడు బాపురావు గురకపెడతాడు!

వాయిద్యగాడు లేకపోతే అమ్మవారికి కోపమొస్తుందని కొందరు పెద్దలు నసిగారు. అందుకని ఈ ఏడు చిన్నయ్యను పిలిపించి స్పీకర్ పక్కన నిలబెట్టాను.

"నరం ముట్టొద్దు. ఉత్త చెయ్యి ఊపు, చాలు" అన్నాను.

"మరి నేనెందుకు సారూ?"

"ఫొటోకు!"

పాపం, తల వంచుకుని ఊరందరి ముందూ ఉత్త చెయ్యి ఊపాడు. టేపు నడిచింది. సైరన్ కూసింది. బోనాలు లేచాయి. ఒకప్పుడు ఏటా పోచమ్మ పూని, రెండేళ్లుగా పూనకం రాని ముసలి అంజవ్వ ఉన్నట్టుండి ఊగుతూ స్పీకర్ ముందుకొచ్చింది.

"గా డబ్బ బంద్ జెయ్యుండ్రి! నా కొడుకు చేతులు కట్టేస్తరా?"

"ఏ పాట కావాలి తల్లీ?" టేపు ఆపి అమ్మవారిని అడిగాను.

"టేపుల లేనిది!"

చిన్నయ్య నరం బిగించి మీటాడు. ఒక్క దెబ్బకు ఊరంతా లేచి నిలబడింది. ఇలాంటి పాటను వదులుకోకూడదని ఖాళీ క్యాసెట్ కోసం ఇంటికి పరుగెత్తాను. ట్రంకుపెట్టె అంతా వెతికి తెచ్చేసరికి పాట అయిపోయింది! అందరి కళ్లూ తడిగా ఉన్నాయి. బాపురావు కూడా మేలుకునే ఉన్నాడు. ఊళ్లో విననివాణ్ని నేనొక్కణ్నే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"చిన్నయ్యా, ఇంకొక్కసారి వాయించవా?" అని బతిమాలాను.

అతను జమిడికను బట్టలో చుట్టుకున్నాడు. "మూడేండ్ల సంది వాయిస్తనంటే వద్దంటిరి గద సారూ. గిప్పుడు ఎనుకకు తిప్పనీకి గిది టేపు గాదు."