కృపాదానం మోటారు మూలుగు

ఆ రోజు పొద్దున కృపాదానం వేసుకున్న లెక్కలో తప్పేమీ లేదు. పదింటికల్లా తన కిరాయి మోటారుకారు వెనక చక్రం బేరింగు మార్చాలి, కుల్చారం పోవాలి, పొద్దు వాలకముందే రబియాను తెచ్చి మెదక్ దవాఖానలో చేర్పించాలి. దర్జీ జలాల్ భార్య రబియా కుల్చారంలో పుట్టింట ఉంది, నెలలు నిండాయి. నిరుడు తొలికాన్పు పుట్టింట్లోనే జరిగి బిడ్డ దక్కలేదు. ఈసారి దవాఖానలోనే కనాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అయితే అది పోలీసు యాక్షన్ వారం. నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వస్తోందని పుకారు. బస్సులు ఆగిపోయాయి, అంగళ్లు మూతపడ్డాయి, కుక్క కూడా మొరగడం మానేసింది. రజాకార్ల కంట పడకుండా కృపాదానం మోటారును కొట్టంలో పెట్టి తలుపు వేసుకున్నాడు. దాని వెనక చక్రం తిరిగితే చాలు, ముసలి మనిషికి ప్రాణం పోతున్నట్టు మూలిగేది.

"గిట్లనే పోతే నడి తొవ్వల చక్రం ఊడుతది. జర పల్లినూనె దొరుకుతదేమో చూడు జలాల్ భాయ్. కాగే నూనెల ముంచితెనే కొత్త బేరింగు ఇరుసుకు ఎక్కుతది" అన్నాడు, బండి కింద ఇటుకలు పేరుస్తూ.

"బండి మీద పడుతదేమో, పైలం అన్నా" అని జలాల్ సీసా పట్టుకుని సైకిలెక్కాడు.

కృపాదానం బండి కిందికి దూరి, సుత్తి కర్రను ఇరుసుకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి చక్రం తిప్పాడు. రోగం ఎక్కడుందో ఆయన అట్లాగే పట్టేవాడు. ఊఁ... ఊఁ... అని మూలుగు మూసిన తలుపు దాటి వాడంతా పాకింది.

గోడ అవతల బియ్యం ఏరుతున్న పక్కింటి సువార్తమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. ప్రాణం పోతున్న ఇంటిముందు ఎట్లుందని అడగకూడదు, సంఘపెద్ద వచ్చేదాకా తలుపు తీయకూడదు. చప్పుడు లేకుండా వచ్చి వాకిట్లో కూర్చోవాలి. సువార్తమ్మ వచ్చి కూర్చుంది. ఆమెను చూసి మరో పదిమంది కూర్చున్నారు. లోపల రోగం తెలిసిపోయింది కనుక కృపాదానం చక్రం ఆపాడు.

"అయిపాయె" అంది సువార్తమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని.

అప్పుడే జలాల్ ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు. కూర్చున్న జనాన్ని చూశాడు, మూసిన తలుపును చూశాడు. పేర్చిన ఇటుకలు కళ్లముందు కదిలాయి. ఆయన నోరు తెరవకముందే సువార్తమ్మ ఆకాశం వైపు వేలు చూపింది. ఇక అన్న లేడు, మోటారు లేదు. రబియాను ఎడ్లబండిలోనైనా తేవాలి. సీసా అక్కడే పడేసి, ఏడుస్తూ కుల్చారం తోవ పట్టాడు.

వాకిట్లో పాట మొదలైంది. ఊరి క్షేమం కోసం ప్రార్థన కాబోలనుకున్నాడు కృపాదానం. చర్చి గుడిలో ఇరవై ఏళ్లు పాడిన గొంతు ఊరుకుంటుందా? రెండో చరణం దగ్గర బండి కిందినుంచే అందుకున్నాడు. బయట పాట టక్కున తెగిపోయింది. మూసిన తలుపు వెనక ఆ ఒక్క గొంతే చరణం చివరిదాకా పాడింది.

చేతులు తుడుచుకుని తలుపు తీసేసరికి వాకిట్లో ఎవరూ లేరు. ఒంటి చెప్పొకటి, ఖాళీ సీసా ఉన్నాయి. మిలిటరీ వచ్చిందనే అంతా పరుగెత్తారనుకున్నాడు. భార్య నవోమి దవాఖానలో ఆయా, ఇంట్లో లేదు కనుక, ఆమె మామిడికాయ తొక్కు జాడీలోని నూనె వంచి కాచాడు. బేరింగు ఎక్కింది.

మధ్యాహ్నం తోవంతా నిర్మానుష్యం. ఆకాశం మబ్బుపట్టి ఉంది. పెట్రోలు మిగులుతుందని వాలు దిగేటప్పుడు ఇంజను ఆపాడు. కుల్చారం ఇంకా రెండు మైళ్లుందనగా ఎడ్లబండి ఎదురొచ్చింది. ఎడ్లు బెదిరి నిలిచాయి. చప్పుడు లేని మోటారు, లోపల నిలువెల్లా మసితో కృపాదానం, చుట్టూ తొక్కు వాసన.

జలాల్ ఎడ్లబండి దిగి సలాం చేశాడు. "అన్న సచ్చినంక గూడ మాట తప్పలేదు, రబియా!"

రబియా కేక పెట్టింది. కేక ఆగలేదు. నొప్పులు మొదలయ్యాయి.

"నేనెప్పుడు సచ్చిన్నే?" అన్నాడు కృపాదానం.

"దయ్యమైతేంది, మనిషైతేంది! ముందుగాల్ల దవాఖానకు నడుపు అన్నా!" అంటూ రబియా తనే తలుపు లాగి ఎక్కి కూర్చుంది.

దీపాలు పెట్టేవేళకు ఆడపిల్ల పుట్టి, వరండాదాకా వినబడేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని జలాల్, కృపాదానం కూడా ఏడ్చారు.

బతికున్నందుకు కృపాదానాన్ని క్షమించడానికి సువార్తమ్మకు మాత్రం క్రిస్మస్ దాకా పట్టింది.