వాలులో నిలిపిన ట్రాక్టర్

ఆ ఉదయం పొలాల మీద మంచు మీగడలా పరుచుకుంది. మూడెకరాల ఆసామి ఇంట్లో మాత్రం అప్పటికే రభస. కొడుక్కి కొత్త ట్రాక్టర్ కావాలి, తండ్రికి పాతది చాలు. అమ్మకు రెండూ వద్దు. కొత్తదైతే వాడు జోరుగా తోలి బోల్తా కొడతాడు, పాతదైతే బ్రేకు పడక కాలువలో పడతాడు. ఎటు తిప్పి ఆలోచించినా ఆమె కళ్లకు చక్రం కింద కొడుకే కనిపిస్తున్నాడు.

"చూసొద్దాం పదవే, చూస్తే పోయేదేముంది?" అన్నాడు తండ్రి.

"ప్రాణాలు," అంది అమ్మ చెప్పులేసుకుంటూ.

రిటైరైన కాంపౌండరు గారు అమ్మకానికి పెట్టిన పాత ట్రాక్టర్ ఆయన పెరటి వాలులో, చక్రం కింద రాయితో నిలబడి ఉంది. దాని సెల్ఫ్ పనిచేయదు. గేర్లో ఉంచి వాలులో దొర్లిస్తేనే ఇంజను అందుకుంటుంది. ఆ సంగతి కుశల ప్రశ్నలయ్యాక చెబుదామని ఆయన ఉద్దేశం.

"ముందు నేనెక్కి చూస్తా. సీటు ఊగితే వాడు పడిపోడూ?" అంటూ అమ్మ ఎక్కి, అందిన పెడలు గట్టిగా తొక్కింది. అది బ్రేకు కాదు, క్లచ్చు. "బ్రేకు పడుతుందంటారా?"

"బండలా పడుతుంది, చూడు!" అని తండ్రి రాయి లాగేశాడు.

ట్రాక్టర్ నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలింది. అమ్మ హడలిపోయి కాళ్లు రెండూ పైకెత్తేసింది. క్లచ్చు వదిలేసరికి ఇంజను గుడుగుడుమని అందుకుంది.

"ఎడమకి తిప్పవే!"

"కుడికమ్మా, కుడికి!"

తండ్రీకొడుకుల్లో ఎవరినీ కాదనలేక ఆమె తిన్నగా పోనిచ్చింది. దండెం మీది దుప్పటి వచ్చి నిలువునా కప్పేసింది. మంచులోంచి వస్తున్న ముసుగు ఆకారాన్ని చూసి ఎదురొచ్చిన పోస్టుమాన్ సైకిలుతో సహా బురదమడిలో దిగబడ్డాడు. ట్రాక్టర్ గుద్దిందనుకుని తండ్రి అటు పరుగెత్తాడు. పడింది అమ్మే అనుకుని కొడుకూ అటే పరుగెత్తాడు.

దుప్పటి జారిపోయింది. భూమి లేదు, ఆకాశం లేదు. అంతా తెల్లటి మెత్తదనం, కింద జోలపాడుతున్నట్టు ముసలి ఇంజను. పిట్టలు తాపీగా లేచి, తాపీగా వాలుతున్నాయి. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమెకు భయపడదామంటే ఏదీ గుర్తు రాలేదు.

"ఆ నల్ల బుడిపె లాగు చెల్లెమ్మా, ఆగిపోద్ది!" వెనక కాంపౌండరు గారు ఆయాసపడుతున్నారు.

వినబడింది. ఇంకో రెండు మళ్లు దాటాక లాగింది.

బురద కొట్టుకుని తండ్రీకొడుకులు వచ్చిపడ్డారు. "కొత్తదే కొందాం," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

"పాతదే," అంది అమ్మ, దిగకుండా.

"దీన్ని ఎవరు తోల్తారే?"

"నేనే. మీ ఇద్దరికీ జాగ్రత్త తక్కువ."

అప్పటినుంచి ఆ ఇంట్లో భయపడే పని తండ్రీకొడుకులు వంతులవారీగా చూసుకుంటున్నారు.