కోయిలమ్మ కచేరీ, ముంగిస కంపెనీ

ఒక పెద్ద అడవిలో (పెద్దదని అక్కడివాళ్లే చెప్పుకుంటారు, మనం కొలిచి చూడలేదు) ఒక కోయిలమ్మ ఉండేది. మామిడి చిగుళ్లు వేసింది మొదలు తొలకరి దాకా పాడేది. చినుకు పడిందా, గొంతు మూతపడేది. మళ్లీ వసంతం వస్తేగానీ పలికేది కాదు.

ఆ పాటంటే అందరికీ ఇష్టమే. కాకపోతే ఎలుగుబంటి వీపు గోక్కుంటూ వినేది, దుప్పులు మేస్తూ వినేవి, కోతులు కొట్టుకుంటూ వినేవి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరూ పనులు మానుకుని తన ముందు కూర్చుని ఒక పాట చివరిదాకా వింటే చాలని కోయిలమ్మ కోరిక. నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

దాన్ని పసిగట్టినవాడు ముంగిస. పట్నంలో ఏదో ఆడిటోరియం కింద బొరియలో కొన్నాళ్లు కాపురముండి వచ్చాడు. పైన ఏం పాడారో వాడికి తెలియదు గానీ టిక్కెట్లు ఎలా తెగుతాయో బాగా తెలుసు. వచ్చీ రాగానే స్టార్టప్ పెట్టాడు.

"పిన్నీ, నువ్వు ఊరికే పాడుతున్నావు, వాళ్లు ఊరికే వింటున్నారు. కచేరీ రోజు దాకా పాట ఆపెయ్. తలా కాసిని పండ్లు చందాగా వసూలు చేసి, వేదిక కట్టించి, అడవినంతా నీ ముందు కూర్చోబెట్టే పూచీ నాది."

"కూర్చుంటారంటావా, అబ్బాయ్?"

"చందా కట్టినవాడు కూర్చోక ఎక్కడికి పోతాడు?"

పాపం, ఆ మాటకి పడిపోయింది. వసంతమంతా గొంతులోకి వచ్చిన పాటని వచ్చినట్టే మింగుకుంది. ఏటవతలి కొండ మీది మగకోయిల రోజూ పిలిచేవాడు. బదులు పలకలేక ఆకుల్లో తల దూర్చుకునేది.

చందాలు మొదట్లో రాల్లేదు. ఊరికే వచ్చే పాటకి పండ్లెందుకు ఇవ్వాలని దుప్పులు అడిగాయి. ముంగిస బుర్ర గోక్కుని ఆఫరు పెట్టాడు. దోసెడు పండ్లిస్తే ముందు వరసలో చోటు. గంపెడిస్తే వేదిక మీద కుర్చీ, మెడలో దండ, మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడే అవకాశం.

ఇంకేముంది, గంపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ముందు వరస ఎవడిక్కావాలి? జన్మలో ఎవరికీ ఒక్క కాయ పెట్టని కోతి కూడా గంప మోసుకొచ్చాడు. వచ్చేవాళ్లకి చాలక వేదిక పెంచారు, మళ్లీ పెంచారు. వైశాఖం పోయి జ్యేష్ఠం వచ్చింది. ఎప్పుడు నాయనా అని కోయిలమ్మ అడిగితే బుకింగులు మంచి ఊపు మీదున్నాయి, కాస్త ఓపిక పట్టమన్నాడు ముంగిస. పండ్లు ఏమయ్యాయో మాత్రం అడక్కండి, వాడి బుగ్గలు చూస్తే తెలిసిపోయేది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే మబ్బు పట్టింది. యాంకరు చిలుక పేరుపేరునా పిలిచి వేదికను అలంకరించవలసిందిగా కోరింది. ఏనుగు దొరగారు అలంకరించారు. ఎలుగుబంటి అలంకరించింది. దుప్పులు మందగా అలంకరించాయి. పిలవడం అయ్యేసరికి అడవంతా వేదిక మీదే ఉంది. కింద తన పిలుపు కోసం చూస్తూ కోయిలమ్మ ఒక్కతే మిగిలింది.

తర్వాత జ్యోతి ప్రజ్వలన. నిప్పంటే అందరికీ హడలు కాబట్టి ఒక మిణుగురు పురుగుని పట్టుకొచ్చి చప్పట్లు కొట్టారు. ఏనుగు దొరగారు తనకి సంగీతం గురించి ఏమీ తెలియదని మొదలుపెట్టి, మధ్యాహ్నం దాకా అదే రుజువు చేశారు. ఎలుగుబంటి చిన్నప్పుడు తాను తాగిన తేనె గురించి చెప్పింది. సమయం లేదు కాబట్టి క్లుప్తంగా ముగిస్తానని ప్రతివాడూ అన్నాడు, ఎవడూ ముగించలేదు. కోయిలమ్మ కదలకుండా ప్రతి ముక్కా విన్నది. తాను వినకపోతే తర్వాత తన పాటా వినరేమోనని భయం.

సాయంత్రం ముంగిస దిగొచ్చి, "పిన్నీ, టైము లేదు. ఒక్క పల్లవి పాడి దిగిపో" అన్నాడు. కోయిలమ్మ గొంతు సవరించుకుంది. టప్పున చినుకు పడింది.

నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఏడుపొచ్చింది, అదీ వినపడలేదు.

వేదిక మీద గగ్గోలు లేచింది. వంతు రానివాళ్లంతా ముంగిస తోక పట్టుకుని, మా రెండు ముక్కలేవిరా అని నిలదీశారు. పాట ఏదని ఒక్కరూ అడగలేదు. కోయిలమ్మ అది గమనించింది.

ముంగిస తక్కువవాడా? గబుక్కున మైకు అందుకుని, పొద్దున్నుంచి ఆవలించకుండా విన్న ఒకే ఒక్క ప్రాణికి ఉత్తమ శ్రోత బిరుదు ప్రకటించాడు. శాలువా కప్పడానికి అడవంతా ఎగబడింది. కప్పాక చూస్తే లోపల కోయిలమ్మ లేదు.

వినే ఒక్క ప్రాణీ కాస్తా ఎగిరిపోయాక, మాట్లాడకుండా మిగిలిన ముక్కలన్నీ ముంగిస బొరియ ముందు చేరాయి. ఆ వానాకాలమంతా వాడు ఒక్కడే శ్రోత.

మరుసటి వసంతంలో ఏటవతలి కొండ మీద రెండు గొంతులు కలిసి పాడాయి. ఇక్కడివాళ్లు వేదిక మరమ్మతు చేసుకుంటూ విన్నారు.

నీతి: కచేరీ జయప్రదం కావాలంటే పాడేవాళ్లని పిలవకపోవడమే మేలు.