ఏకాంబరం దోమల సేద్యం

చికున్‌గున్యా వచ్చి రేణిగుంటలో సగం జనం గోడలు పట్టుకుని నడుస్తున్న రోజులవి. ఏకాంబరానికి మాత్రం అసలు జబ్బు పెరట్లోని సిమెంటు తొట్టి. వీధి కొళాయి నుంచి బిందెలు మోసి దాన్ని నింపడం పెళ్ళయిన నాటి నుంచీ అతని పనే. దానికి అడుగనేది ఉందా అని అతనికి అనుమానం.

"ఏమే, దోమలన్నీ ఆ తొట్టిలోనే పుడతాయంట. పగలగొట్టిద్దాం," అన్నాడు ఒకరోజు.

"దోమలు యాడైనా పుడతాయి. ఈ బద్దకం మాత్రం నీ దగ్గరే పుట్టింది," అంది భార్య భారతమ్మ.

"తొట్టిలో దోమపురుగు కనబడితే?"

"నేనే గడ్డపార తెచ్చిస్తా. లేకుంటే నోరెత్తకుండా నీళ్ళు మొయ్యాల."

ఏకాంబరం టార్చిలైటు వేసి తొట్టంతా గాలించాడు. ఒక్క పురుగూ లేదు. దేవుడు ఇవ్వనిది మనమే పుట్టించుకోవాలని, వరండా ముందున్న గులాబీ కుండీల వెనక ఒక పాత పెయింటు డబ్బాలో నీళ్ళు పోసిపెట్టాడు. కొన్నాళ్ళకు అందులో పురుగులు గెంతుతుంటే కన్నతండ్రిలా మురిసిపోయాడు.

"వరండాలో దోమలు ఎక్కువైనాయే," అంది భారతమ్మ.

"అన్నీ నీ తొట్టివే," అన్నాడు ధీమాగా, పిక్క గోక్కుంటూ.

హెల్త్ ఇన్‌స్పెక్టర్ పెంచలయ్య తనిఖీకి వచ్చే రోజున, తెల్లారకముందే చీకట్లో డబ్బా తీసుకెళ్ళి తొట్టిలో వంపేసి, దాన్ని మళ్ళీ కుండీల వెనకే పెట్టేశాడు. తర్వాత గడ్డపార పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

పెంచలయ్య గరిటెతో నీళ్ళు ముంచి చూశాడు. "బాగుండాదమ్మా. ఒక్క పురుగు గూడా లేదు."

"సరిగ్గా సూడు సార్, పొద్దున నేనే..." ఏకాంబరం నాలుక కరుచుకున్నాడు.

"నిన్న డ్వాక్రా మీటింగులో మీ ఆమెకు నేనిచ్చిన చేపలు తొట్టిలో ఉండాయన్నా. దోమపురుగు కనబడితే మిగల్చవు."

తొట్టిలో బుల్లి చేపలు పొట్టలు ఉబ్బించుకుని తీరిగ్గా తిరుగుతున్నాయి.

పెంచలయ్య ముందువైపుకు వెళ్ళి, కుండీల వెనక నుంచి పెయింటు డబ్బా తీశాడు. అడుగున మిగిలిన నీళ్ళలో పురుగులు ఇంకా గెంతుతున్నాయి. "ఇదెవరిది?"

"మా ఆయన సేద్యం సార్," అంది భారతమ్మ. "రోజూ లేస్తానే పోయి సూసుకుంటా ఉన్నాడు. అందుకే గదా నేను చేపలు అడిగి తెచ్చుకునింది."

పెంచలయ్య నవ్వు ఆపుకుంటూ డబ్బాలో నీళ్ళు ఎండలో పారబోశాడు. "తొట్టిలో నీళ్ళు తగ్గితే చేపలు సచ్చిపోతాయన్నా. ఎప్పుడూ నిండుగా ఉండేట్టు నువ్వే సూసుకోవాల."

భారతమ్మ మొగుడి చేతిలోంచి గడ్డపార మెల్లగా తీసుకుని, దాని స్థానంలో బిందె పెట్టింది.

"పో అయ్యా, కొళాయి వచ్చింది. నీ పంటంతా మేసి చేపలు దప్పిక మీద ఉండాయి."