నవ్వే పులికి సర్కారు నమూనా

లారీ వెనక ఉండే పులి నవ్వరాదన్నది మానవ నాగరికతకు పునాది. ఆ ముక్క కాగితం మీద పెట్టడానికి మాత్రం ప్రభుత్వానికి 1997 దాకా తీరిక దొరకలేదు. ఆ ఏడాది పుట్టిన వాహన చిత్రకళా క్రమబద్ధీకరణ విభాగం (బ్రేకులు చూసే విభాగం వేరే ఉంది, అందులో ఖాళీలు ఇంకా భర్తీ కాలేదు) ఆటోనగర్‌లో మొట్టమొదట పట్టుకున్నది పెయింటర్ హుమాయూన్‌ని.

హుమాయూన్ నేరం చిన్నదేం కాదు. మైలవరం మామిడికాయల వ్యాపారి రత్తయ్య లారీకి వెనక తలుపు మీద పులిని వేస్తుంటే, కుంచె జారి ఎడమ చెవి వేలాడింది. దిద్దబోయి ఆగాడు. 'ఇదేదో బానే ఉందే' అనుకుని, చెవికి తగ్గట్టు మూతి కూడా వంకర చేశాడు. పులి నవ్వింది. దాన్ని చూసి తనూ నవ్వాడు. ఇన్నేళ్ల పనిలో కుంచెతో అంత హాయిగా ఆడుకున్నది ఆ రోజే.

తనిఖీ అధికారి జయకృష్ణగారు లారీ ఆపించారు.

"పులంటే భయం పుట్టాలి కదయ్యా! ఇదేంటి, చెల్లెలి పెళ్లిలో మర్యాదలు చేస్తున్నట్టుంది?"

"భోంచేసిన పులండి, సార్," అన్నాడు హుమాయూన్.

"కాయలు మెత్తబడిపోతున్నాయి సార్, ఆకలి పులిని ఇంకోసారి వేయిస్తాలెండి," అని రత్తయ్య బతిమాలాడు.

నవ్వుకి ఏ సెక్షన్ వర్తిస్తుందో తెలియక ఫైలు పైకి వెళ్లింది. ఫొటో చూసి పై అధికారి నవ్వారట (ఆఫీసు వేళల్లో నవ్వినందుకు ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నారు). ఫలితంగా 'కళలో లోపాన్నీ, ఆటనూ ప్రోత్సహించు పథకం' వచ్చింది. ఇకపై జిల్లాలో ప్రతి లారీ మీదా హుమాయూన్ పులే ఉండాలి. అందుకోసం రేకు మీద నమూనా కత్తిరించారు. చెవి నిటారుగా ఉంటే జరిమానా. పెయింటర్లు పదకొండు నుంచి ఒంటిగంట వరకూ ఉల్లాసంగా ఉండాలి.

హుమాయూన్ పొంగిపోయి, ఆ ఊపులో తర్వాతి లారీ మీద పులికి నాలుక బయటపెట్టించాడు. చెవులు రెండూ నిటారుగా కుదిరాయి. జయకృష్ణగారు రేకు ఆనించి చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇది హుమాయూన్ పులి కాదండీ."

"నేనే సార్ హుమాయూన్‌ని."

"మీరు అయ్యుండొచ్చండి. పులి కాదు."

హుమాయూన్‌కి బొమ్మలేసే పర్మిట్ ఆగిపోయింది. అతని షెడ్డు ముందు లారీ ఆపేవాడు లేడు.

"పులీ మీదే, చెయ్యీ మీదే. ఆ రేకు పెట్టుకుని గీస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అంది భార్య సాలేహా.

"చెయ్యే పోతుంది, సాలేహా."

"స్కూలు వాళ్లు పిల్లల ఫీజు చేతిని చూసి వదిలేస్తారా?"

మర్నాడే హుమాయూన్ విభాగం వారి శిక్షణ తరగతిలో చేరాడు. మొదట్లో అతని పులులు ఆవలించాయి, కన్ను కొట్టాయి, ఒకటి ఏకంగా జయకృష్ణగారి పోలికలతో వచ్చింది. అన్నిటినీ సున్నం కొట్టి చెరిపించారు. చెరిపించిన కొద్దీ చెయ్యి దారికొచ్చింది.

చివరికి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై పర్మిట్ తెచ్చుకున్నాడు. రేకు సాయం లేకుండా కూడా ఇతను ప్రతిసారీ అదే తప్పు చేయగలడని అందులో రాశారు.